ఊరెళ్లే మనిషి చేతికా, కార్గో కౌంటర్‌కా? ఏ పార్శిల్ ఏ దారిలో పంపాలి

ఆదివారం రాత్రి పదింటికి విజయవాడ బెంజి సర్కిల్‌లో అబ్బాయి హైదరాబాద్ బస్సెక్కాడు. అతన్ని ఎక్కించి ఇంటికొచ్చి చూస్తే లాప్‌టాప్ చార్జర్ మంచం పక్క ప్లగ్గుకే వేలాడుతోంది. పొద్దున్నే అది మాదాపూర్‌లో ఉండాలి. కొరియర్ ఆఫీసు ఎప్పుడో మూసేశారు, పోస్టాఫీసు సంగతి సరేసరి. కానీ పదకొండున్నర బస్సులో అదే మాదాపూర్ వెళ్లేవాళ్లు నలుగురైనా ఉంటారు. వాళ్లలో ఒకరి బ్యాగులో చార్జరుకు చోటు లేకపోదు.

ఆ ఒక్కరినీ వెతికిపెట్టేవే ప్రయాణికుల చేత పార్శిళ్లు పంపించే యాప్‌లు. అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో 'ఇవాళ రాత్రి హైదరాబాద్ ఎవరైనా వెళ్తున్నారా' అని అడగడం కూడా ఇదే పని, కాకపోతే మధ్యలో కంపెనీ ఉండదు. పద్ధతి పాతదే. హాస్టల్లో ఉన్న పిల్లలకు బస్సు డ్రైవర్ చేత క్యారేజీ పంపడం మన ఊళ్లలో ఎవరికీ కొత్త కాదు. కొత్తగా వచ్చింది ఒకటే: తీసుకెళ్లే మనిషి మనకు ముక్కూమొహం తెలియనివాడు.

ఇలాంటప్పుడు చాలామంది చార్జీ ఎంతని చూస్తారు. చార్జీ తేడా మహా అయితే యాభై, వంద. చూడాల్సింది, వస్తువు పోతే ఎవరి గడప తొక్కగలం అన్నది. ఈ ప్రశ్నకు ఒక్కో దారిలో ఒక్కో జవాబు.

పోతే ఎవరు పూచీ

కార్గో కౌంటర్‌లోనో ట్రాన్స్‌పోర్ట్ ఆఫీసులోనో బుక్ చేస్తే రసీదు వస్తుంది. రసీదు ఉంది కదా అని నిశ్చింతగా ఉండకండి. రోడ్డు మీద సరుకు మోసే ట్రాన్స్‌పోర్ట్ సంస్థల బాధ్యతకు 2007 నాటి చట్టం ఒక హద్దు పెట్టింది. విలువ ఎక్కువని ముందే రాయించి, దానికి తగ్గ అదనపు చార్జీ కట్టకపోతే, కట్టిన కిరాయికి 10 రెట్ల వరకే పరిహారం. 120 రూపాయలు కట్టి పంపిన మిక్సీ పోతే చేతికొచ్చేది 1,200. అందుకే కౌంటర్‌లో 'విలువ ఎంత' అని అడిగితే 'ఏదో రాసుకోండి' అనడం మనమే మన గొయ్యి తవ్వుకోవడం. పరిహారం కోరుతూ సంస్థకు నోటీసు కూడా బుక్ చేసిన రోజు నుంచి 180 రోజుల్లో రాతపూర్వకంగా ఇవ్వాలి.

స్పీడ్ పోస్ట్‌కు ట్రాకింగ్ ఉంటుంది, ఓటీపీ చెబితేనే ఇచ్చే ఏర్పాటు కూడా ఉంది. 2025 అక్టోబరు 1 నుంచి వచ్చిన చార్జీల ప్రకారం 51 నుంచి 250 గ్రాముల కాగితాలకు 201 నుంచి 500 కిలోమీటర్ల దూరానికి 63 రూపాయలు, ఓటీపీకి 5 రూపాయలు. రెండింటి మీదా 18 శాతం జీఎస్టీ. అంతా కలిపితే హైదరాబాద్ నుంచి విజయవాడకు 80 రూపాయలు. ఒరిజినల్ సర్టిఫికెట్లు, రిజిస్ట్రేషన్ దస్తావేజులు, పాస్‌పోర్టు లాంటివాటికి ఇంతకంటే మంచి దారి లేదు. ఒకట్రెండు రోజులు ఆలస్యమైనా ఫరవాలేదు.

ప్రయాణికుడి చేతికిచ్చే యాప్‌ల తీరు వేరు. 'మేం ఇద్దరినీ కలిపేవాళ్లం మాత్రమే' అనే వాక్యం దాదాపు అందరి షరతుల్లోనూ ఏదో ఒక మూల ఉంటుంది. కాబట్టి యాప్ ఎంచుకునేటప్పుడు నాలుగు విషయాలు చూడండి. వస్తువు చేరి ఓటీపీ చెప్పేదాకా డబ్బు యాప్ దగ్గరే ఆగుతుందా? నష్టపరిహారానికి రూపాయల్లో గరిష్ఠ పరిమితి రాశారా, లేక 'తగిన చర్య తీసుకుంటాం' అని వదిలేశారా? తీసుకెళ్లే మనిషి ఆధార్‌ను వాళ్లు నిజంగా సరిచూశారా, ఫొటో అప్‌లోడ్ చేయించుకుని సరిపెట్టారా? ఫిర్యాదులు చూసే గ్రీవెన్స్ ఆఫీసర్ పేరు, మెయిల్ సైట్‌లో ఉన్నాయా? చివరిది 2020 ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం తప్పనిసరి. ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో చెప్పాలి, నెలలోపు పరిష్కరించాలి. ఆ పేరే కనబడని యాప్‌కు మన వస్తువు అప్పగించడం దేనికి?

ఇక వాట్సాప్ గ్రూపు ద్వారా దొరికిన మనిషికి యూపీఐలో ముందే డబ్బు కొట్టేస్తే, దాన్ని మధ్యలో ఆపేవాళ్లుండరు. సగం ముందు, సగం అందాక. దీనికి ఒప్పుకోని మనిషిని వదిలేయడమే మంచిది.

ఊరి నుంచి ఊరికి: ప్రయాణికుడు నెగ్గేది ఇక్కడే

హైదరాబాద్ నుంచి విజయవాడకు బస్సులో అయిదారు గంటలు. రాత్రి ఇచ్చింది తెల్లారేసరికి చేరుతుంది. ఈ వేగంలో ప్రయాణికుడికి పోటీ వచ్చేది ఆర్టీసీ కార్గో ఒక్కటే, ఎందుకంటే అదీ చాలావరకు అదే బస్సు డిక్కీలో వెళ్తుంది. తెలంగాణ ఆర్టీసీ 2020 జూన్‌లో కార్గో మొదలుపెట్టింది. 2024 అక్టోబరు నుంచి హైదరాబాద్‌లో ఇంటికి తెచ్చిచ్చే ఏర్పాటు కూడా చేసింది. పది కిలోల బియ్యం, పచ్చడి జాడీల అట్టపెట్టె, కుక్కర్ లాంటి బరువులకు కార్గోనే. తోటి ప్రయాణికుడి మీద అంత బరువు వేస్తే అతను నవ్వుతూ ఒప్పుకుని, బస్సెక్కే ముందు ఫోన్ ఎత్తడు.

మూడు కిలోల లోపు, చిన్న బ్యాక్‌ప్యాక్‌లో పట్టే, విలువ తక్కువైనా అవసరం ఎక్కువైన వస్తువు ప్రయాణికుడికి సరిగ్గా సరిపోతుంది. చార్జర్, కళ్లజోడు, ఇంటి తాళాలు, ఆఫీస్ ఐడీ కార్డు, టైలర్ దగ్గర మిగిలిపోయిన జాకెట్, పిల్లల స్కూల్ ప్రాజెక్టు. ఇవి పోయినా వెయ్యి, రెండు వేలతో పోతుంది. సమయానికి అందితే మాత్రం ఆ రోజు గట్టెక్కుతుంది.

అప్పడాలు, వడియాల లాంటి తేలికపాటి సరుకు విషయంలో ఇంకో లెక్కుంది. కొరియర్లు తూకంతో పాటు పెట్టె పరిమాణం కూడా చూస్తాయి. పొడవు, వెడల్పు, ఎత్తు సెంటీమీటర్లలో గుణించి 5,000తో భాగిస్తారు. 40×30×30 పెట్టెలో రెండు కిలోల వడియాలుంటే బిల్లు 7.2 కిలోలకు పడుతుంది. ప్రయాణికుడు ఆ భాగహారం చెయ్యడు గానీ, అంత పెట్టె ఒళ్లో పెట్టుకుని కూర్చోడు కూడా. పెట్టె వదిలేసి గుడ్డ సంచిలో సర్దితే పని అవుతుంది.

ఇప్పుడు దీని బలహీనత. ప్రయాణికులు మన అవసరాన్ని బట్టి కాదు, వాళ్ల సెలవుల్ని బట్టి కదులుతారు. శుక్రవారం రాత్రి మియాపూర్, కేపీహెచ్‌బీ, ఎల్బీనగర్ నుంచి కోస్తా వైపు కావలసినంతమంది. ఆదివారం రాత్రి అటు నుంచి ఇటు. మంగళవారం మధ్యాహ్నం యాప్ తెరిస్తే ఒక్కరూ కనబడరు. సంక్రాంతి ముందు వేలమంది వెళ్తారు, కానీ అందరి సంచులూ పొంగిపొర్లుతుంటాయి. పైగా పంతంగి టోల్‌ప్లాజా దగ్గర బండ్లు బారులు తీరితే తెల్లవారుజామున చేరాల్సిన బస్సు ఎప్పుడు చేరుతుందో చెప్పలేం. పండగ వారంలో సమయం ముఖ్యమైన వస్తువును ఎవరి చేతికీ ఇవ్వకండి, నాలుగు రోజుల ముందే కార్గోలో వేసెయ్యండి.

రోజూ కదిలే మనుషులు కావాలంటే సీజన్ టికెట్ వాళ్లను వెతకాలి. కాజీపేట నుంచి సికింద్రాబాద్‌కు 132 కిలోమీటర్లు, నెలవారీ సీజన్ టికెట్ పరిధి 150. అందుకే ఆ దారిలో రోజూ రైలెక్కి వచ్చి పనిచేసి వెళ్లేవాళ్లు ఎప్పటినుంచో ఉన్నారు. వరంగల్, హైదరాబాద్ మధ్య చిన్న పార్శిల్‌కు వీళ్లు బంగారం లాంటి దారి: అదే రైలు, అదే వేళ, సాయంత్రానికి తిరుగుప్రయాణం.

బస్సు మనిషా, కారు మనిషా

యాప్‌లో ఇద్దరు కనబడతారు. ఒకరు సొంత కారులో వెళ్తున్నారు, ఇంకొకరు స్లీపర్ బస్సులో. కారు మనిషి ఇంటికే వచ్చి తీసుకుంటానంటాడు కాబట్టి చూపు అటే పోతుంది. మా ఓటు బస్సుకే.

కారణాలు రెండు. బస్సు టికెట్ మీద సర్వీసు నంబరు, సీటు, బయల్దేరే వేళ, దిగే స్టాప్ ఉంటాయి. స్క్రీన్‌షాట్ పంపమంటే చాలు, సగం విచారణ అక్కడే పూర్తవుతుంది. కారు మనిషి 'తొమ్మిదికి బయల్దేరతా' అంటే అది పదిన్నర కావచ్చు, రేపు పొద్దున కూడా కావచ్చు.

రెండోది కారు యజమానికే ముఖ్యం. మన దేశంలో సొంత కారు ఇన్సూరెన్స్ పాలసీలో వాడకం హద్దులు రాసి ఉంటాయి. బాడుగకు తిప్పడం, సొంత సామాను, శాంపిళ్లు తప్ప ఇతర సరుకు మోయడం ఆ పాలసీ పరిధిలోకి రావు. 150 రూపాయల కోసం సీటు మీద పెట్టుకున్న పార్శిల్, ప్రమాదం జరిగిన రోజు లక్షల క్లెయిమ్‌కు అడ్డం తిరగొచ్చు. బస్సులో కూర్చున్న మనిషికి ఈ బెడద లేదు.

అయితే బస్సు మనిషితో వచ్చే తిప్పలు దిగేచోట మొదలవుతాయి. బస్సు బెంజి సర్కిల్‌కు నాలుగూ నలభైకి చేరింది. అందుకోవాల్సిన మనిషి నిద్రలో ఉన్నాడు. తీసుకొచ్చినవాడిది గుంటూరు, ఇంకో బస్సు పట్టుకోవాలి. పది నిమిషాలు చూస్తాడు, మహా అయితే పదిహేను. తర్వాత పార్శిల్ గుంటూరు పోతుంది. అందుకే పార్శిల్ చేరాల్సిన ఊరే తన చివరి గమ్యం అయిన మనిషిని ఎంచుకోండి. అతను ఇంటికెళ్లి పడుకున్నా, పదింటికి వెళ్లి తెచ్చుకోవచ్చు.

హైదరాబాద్ వైపు వచ్చేటప్పుడు దారి మళ్లింపు లెక్క చూసుకోవాలి. తీసుకొచ్చేవాడు ఎల్బీనగర్‌లో దిగి కూకట్‌పల్లి వెళ్లాలి, అందుకునేవాళ్లది ఉప్పల్ అనుకుందాం. పార్కింగ్‌లో పెట్టుకున్న బైక్ మీద అటు వెళ్లి రావడానికి పదిహేను కిలోమీటర్లు, పొద్దుటి ట్రాఫిక్‌లో ముప్పావు గంట. లీటరుకు 45 కిలోమీటర్లు వస్తుందనుకున్నా పెట్రోలుకే 36 రూపాయలు. మీరిచ్చిన 150లో యాప్ 30 కోసుకుంటే అతనికి మిగిలేది 84, దానికి ముప్పావు గంట నిద్ర మానుకోవాలి. సహజంగానే 'మీరే వచ్చి తీసుకోండి సార్' అంటాడు. బేరం కుదిరేటప్పుడే 'మీరు దిగే స్టాప్ దగ్గరికి మేమే వస్తాం' అనేస్తే ధర తగ్గుతుంది, మాట నిలబడుతుంది. రాలేకపోతే ఆ స్టాప్ నుంచి మీరే బైక్ పార్శిల్ బుక్ చేసుకోండి. తీసుకొచ్చిన మనిషిని బుక్ చేయమనకండి. వస్తువు చేతులు మారే ఆ క్షణంలో ఇద్దరూ 'నేను ఇచ్చేశా', 'నాకు అందలేదు' అంటే తేల్చేది మీ ఫోన్లో ఉన్న బుకింగే.

ఊళ్లోనే అయితే

ఇక్కడ పెద్దగా ఆలోచించక్కర్లేదు. నగరంలో ఒక మూల నుంచి ఇంకో మూలకు పంపడానికి బైక్ పార్శిల్ యాపే మేలు. నిమిషాల్లో గుమ్మం ముందుకొస్తుంది, గుమ్మంలో దింపుతుంది. ఆఫీసుకెళ్లే మనిషి తన దారి వదిలి రాడు. మియాపూర్, ఎల్బీనగర్ మెట్రో లాంటి ఒకే గీత మీద, స్టేషన్ దగ్గర ఇచ్చి స్టేషన్ దగ్గర తీసుకునేట్టయితేనే అతనితో పని.

ప్రపంచంలో పెద్ద కంపెనీలూ ఇక్కడే తడబడ్డాయి. డీహెచ్‌ఎల్ 2013లో స్టాక్‌హోమ్‌లో మైవేస్ పేరుతో నగరవాసుల చేత పార్శిళ్లు చేర్పించి చూసింది. వాల్‌మార్ట్ 2017లో తన ఉద్యోగులు ఇంటికెళ్తూ దారిలో డెలివరీ ఇచ్చే పద్ధతిని అమెరికాలో ప్రయత్నించింది. నిలదొక్కుకున్నవాటిలో 2014లో అట్లాంటాలో పుట్టిన రోడీ ఒకటి, దాన్ని 2021లో యూపీఎస్ కొనేసింది. మన దగ్గర అమెజాన్ ఫ్లెక్స్ 2019లో వచ్చింది, సొంత బండి ఉన్నవాళ్లు ఖాళీ గంటల్లో పనిచేసే పద్ధతి అది. గమనిస్తే, నిలబడ్డవాటిలో 'ఎటూ వెళ్తున్న మనిషి' క్రమంగా 'అదే పని మీద తిరిగే మనిషి' అవుతున్నాడు. దారి కలవడం ఒక ఎత్తు, కావలసిన గంటకు కలవడం ఇంకో ఎత్తు.

ఇచ్చేటప్పుడు చేతుల్లో జరగాల్సింది

పార్శిల్ మూసేసి తీసుకెళ్లకండి. తెరిచి ఉంచి, తీసుకెళ్లే మనిషి కళ్లముందే సర్దండి. ఒక ఫొటో వస్తువులు విడివిడిగా పరిచి, ఒకటి మూతవేశాక. టేప్ అతికించి, టేప్ మీద, పెట్టె మీద కలిసి పడేలా స్కెచ్ పెన్నుతో అడ్డంగా సంతకం పెట్టండి. టేప్ ఊడదీసి మళ్లీ అతికిస్తే గీత కలవదు. దీనికి పైసా ఖర్చు లేదు, సగం తగాదాలు దీంతోనే తీరతాయి. పెట్టె మీద మీ ఇంటి చిరునామా మొత్తం రాయక్కర్లేదు. అందుకునేవాళ్ల పేరు, ఫోను, దిగే స్టాప్ చాలు. ఆధార్ అడిగితే చివరి నాలుగంకెలే కనబడే మాస్క్‌డ్ ఆధార్ పంపండి, అవతలివాళ్లనూ అదే అడగండి.

పచ్చడి పంపే ఇళ్లకు ఒక మాట. కలిపిన రోజే ఆవకాయ పంపకండి. మూడో రోజు తిరగగలిపి, నూనె పైకి తేలాక సీసాకెత్తండి. మూతి దాకా నింపకుండా రెండంగుళాలు వదలండి. మూత కింద పాలిథిన్ ముక్క వేసి బిగించి, మూత చుట్టూ టేప్ వేసి, రెండు జిప్ కవర్లలో ఒకదాంట్లో ఒకటిగా పెట్టండి. రెండు కవర్ల మధ్య ఒక పాత న్యూస్‌పేపర్ మడత ఉండాలి. నూనె కారితే ముందు ఆ కాగితం తడుస్తుంది, అవతలివాళ్ల బట్టలు కాదు.

ఇన్సులిన్ లాంటి చల్లగా ఉంచే మందుల్ని 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉంచాలి. గడ్డకట్టిన జెల్ ప్యాక్ మందుకు నేరుగా తగిలితే ఇన్సులిన్ కూడా గడ్డకడుతుంది. ఒకసారి గడ్డకట్టింది కరిగినా పనికిరాదు, పారెయ్యాల్సిందే. మధ్యలో తువ్వాలు మడత పెట్టండి. బస్సు డిక్కీలో వేయనని, చేతి సంచిలోనే ఉంచుకుంటానని ఒప్పుకున్నాకే ఇవ్వండి. నగదు, బంగారం, ఒరిజినల్ కాగితాలు, మద్యం మాత్రం ఎంత తెలిసినవాళ్లయినా వద్దు. జగ్గయ్యపేట దగ్గర గరికపాడు చెక్‌పోస్టులో సంచి తెరిపిస్తే సమాధానం చెప్పాల్సింది మీరు కాదు, పాపం అతను.

తీసుకెళ్లేవాళ్లు మొదట చూసుకోవాల్సింది

నెలకు నాలుగుసార్లు ఊరెళ్లే ఉద్యోగికి చిన్న పార్శిళ్లతో బస్సు చార్జీలో కొంత భాగం రావచ్చు. అంతకు మించి ఆశపడితే మూడు సంచులు, ముగ్గురి ఫోన్లు, నిద్ర లేని రాత్రి మిగులుతాయి. ప్రయాణానికి ఒక్క పార్శిలే ఒప్పుకోండి.

సీల్ వేసిన పార్శిల్ ఎంత చిన్నదైనా, ఎంత ఎక్కువిస్తామన్నా తీసుకోకండి. 1985 మాదకద్రవ్యాల చట్టంలో 35, 54 సెక్షన్లు ఉన్నాయి. సరుకు మీ దగ్గర దొరికితే తెలిసే పెట్టుకున్నారని కోర్టు అనుకుంటుంది. తెలియదని రుజువు చేసుకోవాల్సింది మీరే. విశాఖ ఏజెన్సీ నుంచి గంజాయి వచ్చే దారిలో తనిఖీలు మామూలే. 'లోపల చీరలే అన్నా, సీల్ విప్పొద్దు' అనే మాట వినబడగానే లేచి వచ్చేయండి. రైల్లో అయితే టపాసులు, గ్యాస్, పెట్రోలు లాంటివి వెంట తెస్తే రైల్వే చట్టం 164వ సెక్షన్ కింద మూడేళ్ల దాకా జైలు ఉంది. దుకాణాల సరుకు కూడా వద్దనండి. 50,000 దాటిన వ్యాపార సరుకు రాష్ట్రం దాటితే ఈ-వే బిల్లు (జీఎస్టీ కింద ఆన్‌లైన్‌లో తీసుకునే సరుకు రవాణా పత్రం) కావాలి, అది మీ బ్యాగులో ఉండదు.

డల్లాస్ వెళ్లే సూట్‌కేసు

అమెరికాలో ఉన్న మనవాళ్లకు ఈ పద్ధతి యాప్‌లు రాకముందే తెలుసు. 2025 ఆగస్టు 29 నుంచి 800 డాలర్ల లోపు పార్శిళ్లకు అక్కడ సుంకం మినహాయింపు పోవడం, మన తపాలా శాఖ కూడా కొన్ని వారాలు అమెరికాకు పార్శిళ్లు ఆపడంతో వెళ్లేవాళ్ల సూట్‌కేసులకు గిరాకీ పెరిగింది.

తెలియని మనిషి ద్వారా పంపేవాళ్లకు ఇక్కడ నియమం ఒకటే: ఆ మనిషిని కస్టమ్స్ ముందు నిలబెట్టే వస్తువేదీ ఇవ్వకండి. ఆవకాయ, గోంగూర పచ్చళ్లు చెక్ఇన్ సామానులో వెళ్తాయి, ఆహారం ఉందని అక్కడ చెప్పాలి. చికెన్, మటన్ పచ్చడి వద్దు. పచ్చి కరివేపాకు అసలే వద్దు, నిమ్మజాతి తోటల్ని దెబ్బతీసే పురుగు దాని మీద బతుకుతుందని అక్కడ పట్టేస్తారు. ఎండుకొబ్బరికి మన విమానాశ్రయంలోనే అడ్డు, దాన్ని తేలిగ్గా అంటుకునే సరుకుగా చూస్తారు. పవర్ బ్యాంక్ చెక్ఇన్‌లో పెట్టకూడదు. మందులు ఎవరి పేరు మీద చీటీ ఉందో వాళ్లే తీసుకెళ్లాలి. ఇవన్నీ తీసేస్తే మిగిలేది అందుకున్నవాళ్లకు చాలు.

ఫోన్ స్విచాఫ్ అయితే

బస్సు చేరింది, మనిషి ఎత్తట్లేదు. మొదటి రెండు గంటలు కంగారుపడకండి, రాత్రి ప్రయాణం చేసిన ఫోన్లో చార్జింగ్ ఉండదు. తర్వాత టికెట్ స్క్రీన్‌షాట్‌లోని సర్వీసు నంబరుతో బస్సు ఆఫీసుకు ఫోన్ చేసి, ఆ సీటు మనిషి ఎక్కాడా, ఎక్కడ దిగాడు అని కనుక్కోండి. అప్పటికీ జాడ లేకపోతే యాప్‌లో ఫిర్యాదు పెట్టి, డబ్బు విడుదల చేయొద్దని రాతలో చెప్పండి. ఫోన్‌లో చెప్పిన మాట లెక్కలోకి రాదు. యాప్ నెలలోపు తేల్చకపోతే 1915కు ఫోన్ చేసి జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌లో నమోదు చేయించండి. వినియోగదారుల కమిషన్‌లో 5 లక్షల లోపు కేసుకు ఫీజు లేదు.

మధ్యలో యాప్ లేని వ్యవహారమైతే దారి పోలీస్ స్టేషనే. నమ్మి అప్పగించిన వస్తువును కాజేయడం భారతీయ న్యాయ సంహిత 316వ సెక్షన్ కిందికి వస్తుంది. ఎక్కడ పోయిందో తెలియదు కాబట్టి మా పరిధి కాదంటే, పరిధితో పనిలేకుండా ఏ స్టేషన్లోనైనా నమోదు చేసే జీరో ఎఫ్ఐఆర్ రాయమని అడగండి. అప్పుడు ముందు అడిగేది ఆ రెండు ఫొటోలు, టికెట్ స్క్రీన్‌షాట్, సగం డబ్బు పంపిన యూపీఐ రసీదు. అవి ఫోన్లో ఒకచోట ఉంచుకోండి.